ముప్పైమూడు గోల్స్ ఒకచోట, ఒక్క గోల్ మరోచోట: ఫుట్‌సాల్ ప్రపంచకప్ అంకెలు

2008 అక్టోబరులో బ్రెజిల్‌లో జరిగిన ఫుట్‌సాల్ (జట్టుకు ఐదుగురితో చిన్న కోర్టులో ఆడే ఫుట్‌బాల్) ప్రపంచకప్‌లో రష్యా, సాలమన్ దీవులు ఒక లీగ్ మ్యాచ్‌లో తలపడ్డాయి. స్కోరు 31-2. ఇది అచ్చుతప్పు కాదు. 40 నిమిషాల ఆటలో 33 గోల్స్ పడ్డాయి, అంటే సగటున 73 సెకన్లకు ఒకటి. అదే టోర్నీ ఫైనల్లో బ్రెజిల్, స్పెయిన్ 40 నిమిషాలు ఆడి, పైన మరో 10 నిమిషాల అదనపు సమయం ఆడినా 2-2 దగ్గరే నిలిచిపోయాయి. చివరికి పెనాల్టీల్లో 4-3తో బ్రెజిల్ గట్టెక్కింది.

ఒకే ఆట, ఒకే నిబంధనలు, ఒకే బంతి. ఒక మ్యాచ్‌లో గోల్స్ లెక్కపెట్టలేక స్కోరర్ చెయ్యి నొప్పి పుట్టింది, ఇంకో మ్యాచ్‌లో ఒక్క గోల్ కోసం 50 నిమిషాలు పెనుగులాడాల్సి వచ్చింది. ఫుట్‌సాల్ ప్రపంచకప్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ రెండు స్కోర్లను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. 1989 నుంచి 2024 వరకు పది ప్రపంచకప్‌లు జరిగాయి. వాటి అంకెలన్నీ వరుసగా రాసుకుంటే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. ఈ ఆటలో గోల్స్‌కు కరువు లేదు, కానీ కప్పు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకే ఒక్క గోల్ మీద తేలుతోంది.

పది ఫైనళ్లు

ముందు ఫైనళ్ల జాబితా చూద్దాం. 1989లో నెదర్లాండ్స్‌లో బ్రెజిల్ ఆతిథ్య జట్టును 2-1తో ఓడించింది. 1992లో హాంకాంగ్‌లో అమెరికాను 4-1తో, 1996లో స్పెయిన్‌లో ఆ దేశం జట్టునే 6-4తో ఓడించి వరుసగా మూడుసార్లు కప్పు ఎత్తుకెళ్లింది. 2000లో గ్వాటెమాలాలో స్పెయిన్ 4-3తో బ్రెజిల్ మీద పగ తీర్చుకుంది. 2004లో తైవాన్‌లో స్పెయినే మళ్లీ ఇటలీని 2-1తో ఓడించింది. 2008 సంగతి పైన చెప్పుకున్నాం. 2012లో థాయ్‌లాండ్‌లో బ్రెజిల్ 3-2తో స్పెయిన్‌ను అదనపు సమయంలో ఓడించింది. 2016లో కొలంబియాలో అర్జెంటీనా 5-4తో రష్యాను, 2021లో లిథువేనియాలో పోర్చుగల్ 2-1తో అర్జెంటీనాను, 2024లో ఉజ్బెకిస్తాన్‌లో బ్రెజిల్ 2-1తో మళ్లీ అర్జెంటీనాను ఓడించాయి.

ఇప్పుడు కూడికలు. పెనాల్టీ షూటౌట్లు వదిలేస్తే పది ఫైనళ్లలో పడ్డ గోల్స్ మొత్తం 52. సగటున ఫైనల్‌కు 5.2. పెద్ద ఫుట్‌బాల్ ఫైనల్లో మూడు గోల్స్ పడితేనే విందు అనుకునే మనకు ఇది ఎక్కువే. కానీ తేడాలు చూడండి. పది ఫైనళ్లలో ఏడు ఒక్క గోల్ తేడాతో ముగిశాయి. ఒకటి సమంగా నిలిచి పెనాల్టీలకు వెళ్లింది. మూడు గోల్స్ తేడా 1992లో ఒకసారి, రెండు గోల్స్ తేడా 1996లో ఒకసారి కనిపించాయి. అంతే. 2000 తర్వాత, ఆ ఏడాదితో కలుపుకుని, జరిగిన ఏడు ఫైనళ్లలో ఒక్కదానిలోనూ గెలిచిన జట్టు ఓడిన జట్టు కన్నా రెండు గోల్స్ ముందు లేదు.

ఇది యాదృచ్ఛికమా? ఒకటి రెండుసార్లయితే అలా అనుకోవచ్చు. ఇరవై నాలుగేళ్ల పాటు ఏడుసార్లూ అలాగే జరిగితే కారణం ఆటలోనే ఉందని నమ్మాలి. 2024లో బ్రెజిల్ నడిచిన దారి చూస్తే ఆ కారణం కొంత తెలుస్తుంది. గ్రూప్ దశలో క్యూబా మీద 10-0, క్రొయేషియా మీద 8-1, థాయ్‌లాండ్ మీద 9-1. తర్వాత ప్రీక్వార్టర్స్‌లో కోస్టారికా మీద 5-0. క్వార్టర్స్‌లో మొరాకో మీద 3-1, సెమీస్‌లో ఉక్రెయిన్ మీద 3-2, ఫైనల్లో అర్జెంటీనా మీద 2-1. ఏడు మ్యాచ్‌లలో గోల్స్ తేడా వరుసగా 10, 7, 8, 5, 2, 1, 1. కొట్టినవి 40, ఇచ్చినవి 6. ఆ ఆరింటిలో నాలుగు చివరి మూడు మ్యాచ్‌లలోనే ఇచ్చింది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడినట్టు, మెట్టు మెట్టుకూ గోల్స్ పలచబడ్డాయి.

ఎనభై చదరపు మీటర్లు

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే కోర్టును కొలవాలి. అంతర్జాతీయ ఫుట్‌సాల్ కోర్టు మామూలుగా 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు. అంటే 800 చదరపు మీటర్లు. జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు, మొత్తం పదిమంది. తలకు 80 చదరపు మీటర్లు. పెద్ద ఫుట్‌బాల్ మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. 22 మందికి పంచితే తలకు దాదాపు 325. ఫుట్‌సాల్ ఆటగాడికి దక్కేది అందులో నాలుగో వంతు కూడా కాదు. బంతి కాలికి అందిన మరుక్షణం ప్రత్యర్థి మీదికి వచ్చేస్తాడు. ఆలోచించుకుని ఆడే వ్యవధి ఉండదు, ఆలోచన బంతి రాకముందే అయిపోవాలి.

గోల్ చూస్తే ఇంకా ఆశ్చర్యం. పెద్ద ఫుట్‌బాల్‌లో గోల్ 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు. ఫుట్‌సాల్‌లో 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. విస్తీర్ణంలో మూడో వంతు. చేతులు, కాళ్లు చాచి కూర్చుండిపోయే గోల్‌కీపర్ అందులో చాలా భాగం తానే నింపేస్తాడు. నిలబడి డైవ్ కొట్టే గోల్‌కీపింగ్ ఇక్కడ తక్కువ. ముందుకు దూసుకొచ్చి, మోకాలు మడిచి, ఒంటితో అడ్డుపడటమే ఎక్కువ.

బంతి కూడా వేరు. నాలుగో నంబరు బంతి, చుట్టుకొలత 62 నుంచి 64 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 440 గ్రాములు. రెండు మీటర్ల ఎత్తు నుంచి వదిలితే మొదటి ఎగురు 50 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉండకూడదు, 65 దాటకూడదు. అంటే బంతి నేలను అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే ఫుట్‌సాల్ ఆటగాళ్లు బంతిని అరికాలితో తొక్కిపట్టి తిప్పుతారు. పెద్ద మైదానంలో అలా చేస్తే కోచ్ కేకలేస్తాడు, ఇక్కడ అదే చదువు.

గడియారం సంగతి మరీ ముఖ్యం. ఆట 20 నిమిషాల చొప్పున రెండు భాగాలు. బంతి బయటికి వెళ్లినా, ఫౌల్ అయినా గడియారం ఆగుతుంది. కాబట్టి 40 నిమిషాలంటే అచ్చంగా 40 నిమిషాల ఆటే. పెద్ద ఫుట్‌బాల్‌లో 90 నిమిషాలని పేరే గానీ బంతి నిజంగా ఆటలో ఉండేది గంటకు అటూఇటూగానే. ఫుట్‌సాల్‌లో గాయం నటించి, షూ లేసులు కట్టుకుంటూ సమయం తినేసే విద్య పనికిరాదు. కిక్-ఇన్ అయినా, గోల్‌కీపర్ బంతి విసరడమైనా 4 సెకన్లలో పూర్తి కావాలి. ఆఫ్‌సైడ్ లేదు. ఆటగాళ్లను ఎన్నిసార్లయినా, ఆట ఆగకుండానే మార్చుకోవచ్చు. ఒక్కో భాగంలో జట్టుకు ఒక నిమిషం టైమవుట్ ఒకటి.

అసలు ఉరి తాడు ఫౌళ్ల లెక్క. ఒక భాగంలో ఒక జట్టు చేసే ఫౌళ్లన్నీ పోగవుతూ ఉంటాయి. ఐదు వరకు ఫర్వాలేదు. ఆరో ఫౌల్ నుంచి ప్రతిదానికీ ప్రత్యర్థికి 10 మీటర్ల దూరం నుంచి ఫ్రీకిక్ వస్తుంది, దానికి అడ్డుగా గోడ కట్టడానికి వీల్లేదు. గోల్‌కీపర్, షూటర్, మధ్యలో గాలి. అసలు పెనాల్టీ 6 మీటర్ల నుంచి, ఇది దానికి కాస్త వెనకాల. ఎర్రకార్డు శిక్ష కూడా వేరే రకం. ఆటగాడు బయటికి పోతాడు, జట్టు రెండు నిమిషాల పాటు నలుగురితో ఆడాలి, లేదా ప్రత్యర్థి గోల్ కొట్టేవరకు. తర్వాత కొత్తవాడిని దించుకోవచ్చు. పెద్ద ఫుట్‌బాల్‌లో ఎర్రకార్డు పడితే మ్యాచ్ మొత్తం పదిమందితోనే నెట్టుకురావాలి. నా దృష్టిలో ఫుట్‌సాల్ పద్ధతే న్యాయం. తప్పుకు శిక్ష పడుతుంది, ఆట చచ్చిపోదు.

ఈ లెక్కలన్నీ కలిస్తే జరిగేది ఇది. బలహీన జట్టు ఒక్కసారి తడబడితే తేరుకునే చోటూ ఉండదు, సమయమూ ఉండదు. గోల్ తర్వాత గోల్ పడిపోతూనే ఉంటుంది. అలసిన ఆటగాడు ఫౌల్ చేస్తాడు, ఫౌళ్లు పోగై గోల్ అవుతాయి. అదే రెండు సమఉజ్జీ జట్లు తలపడితే ఇరుకు చోటే రక్షణకు కోట అవుతుంది. అందరికీ అందరి ఎత్తులూ తెలుసు. ఫౌల్ చెయ్యకుండా అడ్డుకోవడం తెలుసు. అప్పుడు మిగిలేది ఒక్క గోల్.

చివరి నిమిషాల్లో ఇంకో ఎత్తు ఉంది. వెనకబడిన జట్టు గోల్‌కీపర్‌ను బయటికి పిలిచి, అతని రంగు జెర్సీతో మామూలు ఆటగాడిని దించుతుంది. ప్రత్యర్థి కోర్టులో ఐదుగురికి నలుగురు. సొంత గోల్ ఖాళీ. బంతి పోయిందంటే అవతలివాడు సగం కోర్టు నుంచి తన్నినా గోలే. కజకిస్తాన్ ఈ జూదాన్ని ఏకంగా వృత్తిగా మార్చుకుంది. బ్రెజిల్‌లో పుట్టి ఆ జట్టుకు ఆడిన గోల్‌కీపర్ హిగిటా మ్యాచ్ మొదటి నిమిషాల నుంచే ముందుకొచ్చి ఐదో ఆటగాడిగా ఆడేవాడు. అలాగే ఆడుతూ కజకిస్తాన్ 2021లో సెమీస్ దాకా వెళ్లింది, పోర్చుగల్‌తో 2-2 చేసి పెనాల్టీల్లో మాత్రమే ఓడింది. 2024 ప్రీక్వార్టర్స్‌లో అదే పోర్చుగల్‌ను 2-1తో ఇంటికి పంపింది. ప్రపంచ చాంపియన్ పోర్చుగల్ కథ అక్కడితో సరి.

ఇరవై చోట్లలో ఎనిమిది దేశాలు

పది ఫైనళ్లంటే ఇరవై చోట్లు. వాటిని పంచుకున్న దేశాలు ఎనిమిదే. బ్రెజిల్ 7, స్పెయిన్ 5, అర్జెంటీనా 3. మిగిలిన ఐదు చోట్లు నెదర్లాండ్స్, అమెరికా, ఇటలీ, రష్యా, పోర్చుగల్‌లకు ఒక్కొక్కటి. కప్పు దక్కింది నాలుగు దేశాలకే. బ్రెజిల్ 6, స్పెయిన్ 2, అర్జెంటీనా 1, పోర్చుగల్ 1. ఖండాల వారీగా దక్షిణ అమెరికాకు ఏడు, ఐరోపాకు మూడు. ఈ రెండు ఖండాలు కాక ఫైనల్ మెట్టెక్కింది 1992లో అమెరికా ఒక్కటే. 1989లో మూడో స్థానం, 1992లో రెండో స్థానం తెచ్చుకున్న ఆ జట్టు తర్వాత ఒక్కసారి కూడా సెమీస్ ముఖం చూడలేదు. మొదట్లో అందరికీ కొత్త ఆట కాబట్టి ఎవరైనా పైకి రాగలిగారు. మిగతావాళ్లు లీగ్‌లు పెట్టుకుని ఆటను వృత్తిగా మలుచుకునేసరికి అమెరికా వెనకబడింది.

స్పెయిన్ లెక్క విచిత్రం. 1996 నుంచి 2012 వరకు వరుసగా ఐదు ఫైనళ్లు ఆడింది. రెండు గెలిచింది, మూడు ఓడింది. ఓడిన మూడూ బ్రెజిల్ చేతిలోనే. 2016లోనూ 2021లోనూ క్వార్టర్స్‌లో ఆగిపోయింది, 2024లో ఇంకో మెట్టు కిందే, ప్రీక్వార్టర్స్‌లోనే, వెనిజులా చేతిలో ఓడింది. ఒకప్పుడు ఫైనల్ బెర్తు ముందే రిజర్వు చేసుకున్నట్టు ఉండే జట్టుకు చివరి మూడు టోర్నీల్లో సెమీస్ కూడా లేదు.

అర్జెంటీనా దాని చోటును ఆక్రమించుకుంది. 2016, 2021, 2024 మూడు ఫైనళ్లూ ఆడింది. స్కోర్లు 5-4, 1-2, 1-2. మూడు ఫైనళ్లలో కొట్టినవి 7, ఇచ్చినవి 8. ఆ ఒక్క గోల్ తేడాలో ఒక కప్పు, రెండు కన్నీటి రాత్రులు ఉన్నాయి.

పోర్చుగల్ గెలిచిన 2021 టోర్నీ అసలు 2020లో జరగాల్సింది, కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యమైంది. ఆ జట్టు నాకౌట్ దారి చూస్తే గుండె జబ్బున్నవాళ్లు చూడకూడని మ్యాచ్‌లు. సెర్బియా మీద అదనపు సమయంలో 4-3. స్పెయిన్ మీద అదనపు సమయంలో 4-2. కజకిస్తాన్ మీద పెనాల్టీలు. ఫైనల్లో కౌనస్ నగరంలో అర్జెంటీనా మీద 2-1, పోర్చుగల్ రెండు గోల్సూ పానీ వరేలావే. అంటే నాలుగు నాకౌట్ మ్యాచ్‌లలో మామూలు 40 నిమిషాల్లో తేలింది ఫైనల్ ఒక్కటే. ఆరుసార్లు ప్రపంచ ఉత్తమ ఫుట్‌సాల్ ఆటగాడిగా ఎంపికైన రికార్డిన్యోకు దేశం తరఫున దక్కిన ప్రపంచకప్ అదొక్కటే. జనాభా కోటికి అటూఇటూ ఉన్న దేశం 21 కోట్ల బ్రెజిల్‌ను దాటి కప్పు తెచ్చుకుంది. జనాభాతో పతకాలు రావన్న సంగతి మనకు వేరే ఎవరూ చెప్పనక్కరలేదు. అదే టోర్నీలో ఫుట్‌సాల్‌కు వీడియో సమీక్ష వచ్చింది. క్రికెట్‌లో డీఆర్ఎస్ మాదిరిగా ఇక్కడ కోచ్ సమీక్ష కోరవచ్చు.

గోల్స్ వీరులు

ప్రపంచకప్‌లలో అందరికన్నా ఎక్కువ గోల్స్ బ్రెజిల్ ఆటగాడు ఫల్కావోవి, 48. 2000 నుంచి 2016 వరకు ఐదు ప్రపంచకప్‌లు ఆడాడు. రెండో స్థానం అదే దేశానికి చెందిన మనోయెల్ తోబియాస్‌ది, 43. 2000 టోర్నీ ఒక్కదానిలోనే తోబియాస్ 19 కొట్టాడు. తర్వాతి టోర్నీల అగ్ర స్కోరర్లను చూడండి. 2004లో ఫల్కావో 13, 2008లో రష్యా తరఫున పూలా 16, 2012లో రష్యా ఆటగాడు ఎడెర్ లీమా 9, 2016లో రికార్డిన్యో 12, 2021లో బ్రెజిల్ ఆటగాడు ఫెరావో 9, 2024లో బ్రెజిల్‌కే చెందిన మార్సెల్ 10. పూలా 16 గోల్స్‌లో 9 సాలమన్ దీవుల మీద ఆ ఒక్క మ్యాచ్‌లోనే కొట్టినవి. అయినా తోబియాస్ అంకెను ఎవరూ అందుకోలేదు. పందొమ్మిది ఇక ఎవరికైనా కష్టమే.

ఆ పూలా, ఎడెర్ లీమా ఇద్దరూ రష్యాకు ఆడినా పుట్టింది బ్రెజిల్‌లో. 2004లో ఫైనల్ ఆడిన ఇటలీ జట్టులోనూ బ్రెజిల్‌లో పుట్టినవారే ఎక్కువ. బ్రెజిల్ వీధుల్లో, చిన్న కోర్టుల్లో తయారైన ఆటగాళ్లు ఐరోపా క్లబ్బులకు వెళ్లి, అక్కడే పౌరసత్వం తీసుకుని, ఆ దేశాల జెర్సీలు వేసుకున్నారు. కొన్నిసార్లు కోర్టులో రెండు జట్ల మధ్య కేకలన్నీ పోర్చుగీసులోనే వినిపించేవి. ఆరు కప్పులు గెలిచింది బ్రెజిల్ అని రాస్తాం గానీ, మిగతా దేశాల గోల్స్‌లోనూ ఆ దేశానికి వాటా ఉంది.

ఫల్కావో చివరి ప్రపంచకప్ మ్యాచ్ ఓటమితోనే ముగిసింది. 2016 ప్రీక్వార్టర్స్‌లో ఇరాన్, బ్రెజిల్ 4-4తో సమంగా నిలిచాయి. పెనాల్టీల్లో ఇరాన్ 3-2తో గెలిచింది. గెలిచిన ఇరాన్ ఆటగాళ్లు తమ సంబరం పక్కన పెట్టి, ఓడిపోయిన ఫల్కావోను చేతుల మీద ఎత్తి గాల్లోకి విసిరి పట్టుకున్నారు. ఆ టోర్నీలో ఇరాన్ మూడో స్థానంలో నిలిచింది. ఆసియా దేశాల్లో ఇంతవరకు అదే ఉత్తమం. ఆ దెబ్బ తర్వాత బ్రెజిల్ మళ్లీ కప్పు ముట్టుకోవడానికి 2024 వరకు ఆగాల్సి వచ్చింది. 2012 నుంచి లెక్కేస్తే పన్నెండేళ్లు.

పదహారు నుంచి ఇరవై నాలుగు

1989 నుంచి 2004 వరకు ఐదు టోర్నీల్లో 16 జట్లు ఆడాయి. 2008లో 20 అయ్యాయి. 2012 నుంచి 24. మ్యాచ్‌ల సంఖ్య మాత్రం పెరగకుండా తగ్గింది. 20 జట్లప్పుడు రెండు దఫాల లీగ్ ఉండటంతో 56 మ్యాచ్‌లు జరిగాయి. ఇప్పుడు ఆరు గ్రూపుల్లో నాలుగేసి జట్లు, ప్రతి గ్రూపు నుంచి మొదటి రెండు, మూడో స్థానాల్లో మెరుగైన నాలుగు ముందుకు వెళ్తాయి, ఆపైన నాకౌట్. మొత్తం 52. 2008లో కప్పు గెలవాలంటే తొమ్మిది మ్యాచ్‌లు ఆడాలి, ఇప్పుడు ఏడు చాలు.

2024లో చోట్ల పంపకం ఇలా ఉంది. ఐరోపాకు 7, ఆసియాకు 4, ఆతిథ్య దేశంగా ఉజ్బెకిస్తాన్‌కు 1, దక్షిణ అమెరికాకు 4, ఉత్తర, మధ్య అమెరికా కరీబియన్ ప్రాంతానికి 4, ఆఫ్రికాకు 3, ఓషియానియాకు 1. తొలిసారి ఆడిన జట్లు నాలుగు. ఫ్రాన్స్, న్యూజిలాండ్, తజకిస్తాన్, అఫ్గానిస్తాన్. ఫ్రాన్స్ తొలి ప్రయత్నంలోనే సెమీస్ చేరింది. అఫ్గానిస్తాన్ గ్రూప్ దశ దాటి ప్రీక్వార్టర్స్ ఆడింది. ఆ దేశంలో క్రీడలకు ఉన్న పరిస్థితి తెలిసినవాళ్లు ఆ ఫలితాన్ని రెండుసార్లు చదువుకుని ఉంటారు. మొరాకో 2021లోనూ 2024లోనూ క్వార్టర్స్ దాకా వచ్చి రెండుసార్లూ బ్రెజిల్ చేతిలోనే ఆగింది.

జట్లు పెంచితే పోటీ పలచబడుతుందని వాదించేవారికి సాలమన్ దీవుల కథే సమాధానం. 2008లో ఆ జట్టు నాలుగు మ్యాచ్‌లూ ఓడింది. బ్రెజిల్ చేతిలో 0-21, రష్యా చేతిలో 2-31. అప్పట్లో ఆ ద్వీపదేశం జనాభా 5 లక్షలకు అటూఇటూ. ఆ ఓటములు చూసి ఇంక రామని ఊరుకోలేదు. నాలుగేళ్ల తర్వాత థాయ్‌లాండ్‌కు మళ్లీ వచ్చింది. రష్యాతో మళ్లీ ఆడింది, 0-16తో ఓడింది. కానీ గ్వాటెమాలాను 4-3తో ఓడించి ప్రపంచకప్‌లో తొలి విజయం నమోదు చేసింది. గెలిచింది ఇక్కడా ఒక్క గోల్ తేడాతోనే. రష్యా చేతిలో తేడా 29 నుంచి 16కు తగ్గడాన్ని కొందరు నవ్వుతాలుగా తీసుకుంటారు, నేను తీసుకోను.

చోటు కోసం మొదలైన ఆట

ఈ ఆట పుట్టింది 1930లో, ఉరుగ్వే రాజధాని మాంటెవిడియోలో. వైఎంసీఏలో పనిచేసే హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు కుర్రాళ్లను వానలోనూ ఆడించాలని ఇండోర్ కోర్టుకు సరిపడే నిబంధనలు రాశాడు. ఐదుగురు ఆటగాళ్లు, 40 నిమిషాలు బాస్కెట్‌బాల్ నుంచి వచ్చాయి. గోల్ కొలతలు, కోర్టు పరిమాణం హ్యాండ్‌బాల్ నుంచి. గోల్‌కీపర్ నిబంధనలకు వాటర్ పోలో సాయం. ఆట ఉరుగ్వే నుంచి బ్రెజిల్‌కు పాకి అక్కడ దావానలంలా వ్యాపించింది.

1971లో సావోపౌలోలో ఫిఫుసా అనే సొంత సంఘం ఏర్పడింది. తర్వాత రోజుల్లో ఫిఫా అధ్యక్షుడైన జోవావో హావెలాంజే దానికి తొలి అధ్యక్షుడు. ఫిఫా కన్నా ముందే, 1982, 1985, 1988లలో ఆ సంఘం మూడు ప్రపంచ పోటీలు నిర్వహించింది. మొదటి రెండూ బ్రెజిల్‌వే, మూడోది పరాగ్వేది. 1989లో ఫిఫా తన ప్రపంచకప్ మొదలుపెట్టాక రెండు పీఠాలు అయ్యాయి. పాత సంఘం వారసులు ఇప్పటికీ వేరే ప్రపంచకప్ నడుపుతున్నారు. ఈ వ్యాసంలో అంకెలన్నీ ఫిఫా కప్పువే.

ఇంకో అంకె కూడా రాసి పెట్టాలి. పురుషులకు 1989లో మొదలైన ప్రపంచకప్ మహిళలకు 2025లో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. మధ్యలో ముప్పై ఆరేళ్లు. దీనికి ఏ లెక్కా సరిపోదు.

మన సంగతి

ఫుట్‌సాల్ ఆసియా కప్‌లో 1999 నుంచి 2024 వరకు ఇరాన్ 13 సార్లు, జపాన్ 4 సార్లు గెలిచాయి. ఇంకెవరికీ దక్కలేదు. ఆ పట్టికలో మన పేరు వెతకనక్కరలేదు. భారత పురుషుల ఫుట్‌సాల్ జట్టు తొలి అంతర్జాతీయ మ్యాచ్ ఆడిందే 2023లో. అంతకు ముందు 2021 నవంబరులో ఢిల్లీలో జాతీయ క్లబ్ చాంపియన్‌షిప్ మొదలైంది. ఢిల్లీ ఎఫ్‌సీ తొలి విజేత. 2023 అక్టోబరులో దుషాన్బేలో ఆసియా కప్ అర్హత పోటీలకు మన జట్టు వెళ్లింది, గ్రూపు దాటలేదు. ఆతిథ్యమిచ్చిన తజకిస్తాన్ మాత్రం మరుసటి ఏడాది ఆసియా కప్ సెమీస్ ఆడి, ప్రపంచకప్‌కు వెళ్లింది. ఆ దేశం జనాభా కోటికి అటూఇటూ, మన ఒక్క హైదరాబాద్ నగరంతో తూగుతుంది.

నిజానికి మనకు ఫుట్‌సాల్ పేరు వినబడింది జాతీయ జట్టు ద్వారా కాదు, 2016 నాటి ప్రీమియర్ ఫుట్‌సాల్ లీగ్ ద్వారా. ఫల్కావో చెన్నై తరఫున ఆడాడు, రొనాల్డిన్యో గోవా జెర్సీ వేసుకున్నాడు. 2017 రెండో సీజన్‌లో తెలుగు టైగర్స్ పేరుతో ఒక జట్టు కూడా దిగింది. దీపావళి చిచ్చుబుడ్డిలా వెలిగి ఆరిపోయింది ఆ లీగ్. జాతీయ సమాఖ్య గుర్తింపు లేని లీగ్‌కు పేరున్న ఆటగాళ్లను ఎంతమందిని తెచ్చినా కింద పునాది ఉండదు.

ఇప్పుడు హైదరాబాద్‌లో, విజయవాడలో, విశాఖలో వీధికో టర్ఫ్ కనిపిస్తోంది. గంటకు ఇంతని బుక్ చేసుకుని కుర్రాళ్లు రాత్రి పదింటికీ ఆడుతున్నారు. సంతోషమే. కానీ అది ఫుట్‌సాల్ కాదు. ప్లాస్టిక్ గడ్డి మీద ఐదో నంబరు బంతి, చుట్టూ వలకు తగిలి వెనక్కి వచ్చినా ఆట నడుస్తూనే ఉంటుంది, ఫౌళ్లు లెక్కపెట్టేవారు లేరు, గడియారం ఆగదు. అక్కడ వంద గంటలు ఆడినా బంతిని తొక్కిపట్టి తిప్పే అరికాలు తయారు కాదు.

అలాగని కొత్త స్టేడియాలు కట్టాల్సిన పనీ లేదు. హ్యాండ్‌బాల్ కోర్టు కొలత 40 మీటర్లు, 20 మీటర్లు. గోల్ 3 మీటర్లు, 2 మీటర్లు. ఫుట్‌సాల్‌కు కావలసిందీ అంతే. 1930లో సెరియానీ కొలతలు అరువు తెచ్చుకున్నది ఆ ఆట నుంచే కదా. తెలుగు రాష్ట్రాల్లో హ్యాండ్‌బాల్ ఆడే కళాశాలలు, గురుకులాలు, పోలీసు మైదానాలు ఉన్నాయి. గీతలు వేసి ఉన్నాయి, గోల్ స్తంభాలు పాతి ఉన్నాయి. లేనివి రెండే. నాలుగో నంబరు తక్కువ ఎగిరే బంతి ఒకటి, ఫౌళ్లు లెక్కపెట్టే మనిషి ఒకరు. పీఈటీ మాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది క్రీడా సామగ్రి జాబితా రాసేటప్పుడు ఫుట్‌బాల్ ఎదురుగా "5వ నంబరు" అని రాశాక, కింద ఇంకో వరుసలో "ఫుట్‌సాల్, 4వ నంబరు" అని కూడా రాయండి.